సిస్టమ్ మార్చమంటే జంకెందుకు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు కాలం చెల్లింది. మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆ రోజుతో ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది ఇస్తామంది, అంతే. పోనీ విండోస్ 11కు పోదామంటే పాత సిస్టమ్‌లు చాలావాటికి ఆ అర్హత లేదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కంపెనీ చెప్పిన జాబితాలో ఉండాలి. ఇంటెల్‌దైతే 2017లో మొదలైన ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. నంద్యాల జిల్లా గోస్పాడు లాంటి మండల కేంద్రంలో జిరాక్స్ అంగడిలోనో, ఎరువుల అంగడిలోనో, శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్‌లోనో బల్ల మీదున్న కంప్యూటర్‌కు ఈ కబురుతో పనిలేదు. పొద్దున స్విచ్ వేస్తే అదే తెర, అదే స్టార్ట్ బటన్. 'ఇంకా ఆ పాత విండోస్ ఎందుకు మామా, లినక్స్ వేసుకో, పైసా ఖర్చు లేదు' అని ఇంజినీరింగ్ చదివిన మేనల్లుడు చెబితే ఊఁ కొడతారు గానీ వేయించుకోరు. ఎందుకంటే బద్ధకమని ఒకరంటారు, భయమని ఇంకొకరంటారు. మనవాళ్లకు కొత్తంటే పడదని మరొకరు తేల్చేస్తారు. ఈ తీర్పులన్నీ వినడానికి బాగానే ఉంటాయి. కళ్లెదుట ఉన్న సాక్ష్యానికి మాత్రం నిలబడవు.

ఇదే ఊళ్లలో ఇదే మనుషులు గత పదిహేనేళ్లలో ఎన్ని పాత అలవాట్లు వదిలేశారో చూడండి. బటన్ల ఫోన్ పక్కన పెట్టి టచ్ ఫోన్ పట్టుకున్నారు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, సెప్టెంబర్‌లో జియో వచ్చింది, నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే టీ బంకు మీద క్యూఆర్ అట్ట వేలాడింది. అక్షరాలు కూడబలుక్కునే పెద్దాయన సైతం యూట్యూబ్‌లో తనకు కావలసింది నోటితో అడిగి తెప్పించుకుంటున్నాడు. ఇందులో ఎవరికీ ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. పైగా ఆండ్రాయిడ్ లోపల పనిచేసేది లినక్స్ కెర్నలే. అంటే బల్ల మీది కంప్యూటర్‌లో లినక్స్ వద్దన్న మనిషే జేబులో లినక్స్ పెట్టుకుని తిరుగుతున్నాడు. కొత్తంటే పడకపోవడమే కారణమైతే ఫోన్ దగ్గర కూడా పడకూడదు కదా! తేడా ఒక్కటే. టచ్ ఫోన్ వచ్చినప్పుడు ఆ మనిషి చేతిలో పోగొట్టుకునేదేమీ లేదు. బటన్ల ఫోన్‌లో ఉన్నవి కొన్ని నంబర్లు, పాము ఆట. కంప్యూటర్ అలా కాదు. దాని చుట్టూ ఏళ్ల తరబడి కూడబెట్టిన ఆస్తి ఉంది. ఆ ఆస్తి మూడు రకాలు: వేళ్లకు పట్టుబడిన పని, దాచుకున్న ఫైళ్లు, ఆగిపోతే వచ్చి బాగుచేసే మనిషి. సిస్టమ్ మార్చమని చెప్పేవాళ్లు కొత్తదాని సుగుణాలు ఏకరువు పెడతారు గానీ ఈ మూడింటికీ ఎవరు జవాబుదారీయో చెప్పరు. జనం జంకేది మార్పును చూసి కాదు, ఆ లెక్కను చూసి.

వేళ్లకు పట్టుబడిన పని

తెలుగునాట ఈ లెక్క బాగా కనిపించే చోటు డీటీపీ సెంటర్. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా అచ్చుపని చేసేవాళ్ల నోట పదేపదే వినిపించే పేర్లు అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరెల్‌డ్రా. మ్యాటర్ కొట్టే ఆపరేటర్ ఆపిల్ లేఅవుటో, మాడ్యులర్ లేఅవుటో ఏదో ఒకటి నెలల తరబడి కూర్చుని నేర్చుకుని ఉంటాడు. చేత్తో రాసిన కాగితం మీద కళ్లుంటాయి, కీబోర్డు మీద వేళ్లుంటాయి, రెండింటి మధ్య ఆలోచన అనేది ఉండదు. 'ణ ఏ మీట మీద ఉంది?' అని ఉన్నట్టుండి అడిగితే నోటితో చెప్పలేక, గాలిలో వేళ్లాడించి చూసి చెబుతాడు. ఆ చదువు బుర్రలో కాదు, వేళ్లలో ఉంది. ఇప్పుడు కొత్త సిస్టమ్ ఇచ్చి, ఇందులో భారతీయ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఉంది, ఇది అన్నిటికంటే శాస్త్రీయమైనది అని చెప్పామనుకోండి. మాట నిజమే. అచ్చులన్నీ ఒకవైపు, హల్లులన్నీ ఒకవైపు పొందిగ్గా అమర్చిన లేఅవుట్ అది. కానీ ఆ పూటకు మన ఆపరేటర్ మళ్లీ ఓనమాలు దిద్దే పిల్లాడైపోతాడు. మాఘమాసం ముహూర్తాల రోజుల్లో పెళ్లివారు ఎదురుగా కుర్చీ వేసుకుని ప్రూఫ్ కోసం కూర్చుని ఉంటారు. రోజుకు పది పేజీలు కొట్టే చేయి నాలుగు పేజీలకు పడిపోతే ఆ ఆరు పేజీల కూలి ఎవరిస్తారు? వెతికితే పాత లేఅవుట్లకు లినక్స్‌లోనూ దారులు దొరుకుతాయి. వెతకాలని తెలియాలి, పెట్టిచ్చేవాళ్లు కావాలి. అంతవరకూ నైపుణ్యం ఉన్న మనిషి నైపుణ్యం లేనివాడితో సమానం.

ఎరువుల అంగళ్లలో, బియ్యం మిల్లుల్లో ఇదే కథ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ రూపంలో ఉంటుంది. అనుభవమున్న గుమాస్తా మౌస్ ముట్టుకోడు. ఎఫ్5 నొక్కితే చెల్లింపు, ఎఫ్6 రసీదు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. ఎదుటివాడు లెక్క చెబుతుండగానే వోచర్ పడిపోతుంది. బెంగళూరులో తయారయ్యే ఈ ట్యాలీ విండోస్ కోసం చేసింది. లినక్స్‌లో నడిపించాలంటే అడ్డదారులు తొక్కాలి. లెక్కలు రాయడానికి లినక్స్‌లో వేరే మంచి సాఫ్ట్‌వేర్ లేక కాదు. అయితే ఆడిటర్ ట్యాలీ డేటా అడుగుతాడు, కొత్తగా చేరే గుమాస్తా ట్యాలీ కోర్సు చేసి వస్తాడు. అంగడి యజమాని ఒక్కడు మారితే ఆ గొలుసు మొత్తం మారదు. గొలుసులో ఒక్క కొక్కెం మార్చుకున్నవాడు గొలుసు నుంచి ఊడిపోతాడు.

అక్షరాల కింద దాగిన తాళం

రెండో ఆస్తి ఫైళ్లు. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అను వంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ లోపల దాచేది తెలుగు అక్షరాన్ని కాదు, అక్షరపు బొమ్మ ముక్కల్ని. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. ఇప్పటి ప్రమాణమైన యూనికోడ్‌లో ఇది పలికే వరుసలో దాగుతుంది: స, దానికి పొల్లు, త, దానికి పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. మొత్తం ఆరు సంకేతాలు. వాటిని కలిపి కంటికి ఒక్క అక్షరంగా చూపే బాధ్యత సిస్టమ్‌ది. పాత పద్ధతిలో అలా కాదు. గుడిదీర్ఘంతో ఉన్న స బొమ్మ ఒకటి, దాని కింద తావత్తు ఒకటి, రావత్తు ఒకటి పక్కపక్కన పేర్చాలి. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లోనే ఈ ముక్కల్ని కూర్చోబెట్టారు. అందుకే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే శుభలేఖ కాస్తా నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాల కుప్పగా కనిపిస్తుంది. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. పదిహేనేళ్లుగా వేసిన శుభలేఖల మోడళ్లు, తిరునాళ్ల కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు అన్నీ అలాంటి ఫైళ్లే. నిరుటి కరపత్రం తెరిచి తేదీ మార్చి ప్రింట్ ఇవ్వడమే ఆ అంగడికి సగం బతుకు. సిస్టమ్ మార్చడమంటే ఆ బీరువాకు తాళం వేసి తాళంచెవి బావిలో పారేయడమే.

దీనికి విరుగుడు లేదా అంటే ఎప్పటినుంచో ఉంది. యూనికోడ్ తొలి వెర్షన్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును వెంట తెచ్చుకుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా పంచారు. తర్వాత మండలి, ఎన్టీఆర్, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా వచ్చాయి. పాత అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లూ ఉన్నాయి. అయినా అచ్చు అంగళ్లలో పాత పద్ధతి పోలేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 కూడా 2001 నాటిదే, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. యూనికోడ్ తెలుగు సవ్యంగా పేర్చే ఇన్‌డిజైన్ 2012లో సీఎస్6తో వచ్చింది, అదీ కొని నేర్చుకోవాలి. మార్పిడి చేసిన ఫైలులో ఒత్తులు తారుమారైతే ప్రతి పేజీ మళ్లీ ప్రూఫ్ చూడాలి. పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒక్క వత్తు తేడా వచ్చినా కార్డులన్నీ మళ్లీ వేయాల్సిందే, అదీ అంగడివాడి ఖర్చుతోనే. అందుకే విరుగుడు చేతికందుతున్నా జబ్బుతోనే కాపురం చేస్తున్నారు.

ఆగిపోతే ఎవరిని పిలవాలి?

మూడో ఆస్తి మనిషి. మన ఊళ్లలో కంప్యూటర్‌ను 'సిస్టమ్' అంటారు. అది నెమ్మదిస్తే 'ఫార్మాట్ కొట్టించాలి' అంటారు. కొట్టే కుర్రాడు ఒకడు నంద్యాలలో ఉంటాడు, ఫోన్ చేస్తే సాయంత్రానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని బండి మీద వస్తాడు. విండోస్ వేస్తాడు, ప్రింటర్ పెడతాడు, పాత ఫైళ్లు డీ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయని చూపించి డబ్బులు తీసుకుని పోతాడు. ఆ కుర్రాడికి లినక్స్ రాకపోతే ఆ ఊరికి లినక్స్ రానట్టే. వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకపు డాంగిల్, బార్‌కోడ్ ప్రింటర్ వీటన్నిటికీ తయారీదారులు మొదట చేసి ఇచ్చేది విండోస్‌కు, ఆ తర్వాత ఆండ్రాయిడ్‌కు. 2011 నవంబర్‌లో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ గానీ, 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాలు గానీ పౌరుడికి ఎంత మేలు చేసినా, వాటితో పాటు ఊరికి వచ్చిన కంప్యూటర్ పరిజ్ఞానం విండోస్ పరిజ్ఞానమే. పీజీడీసీఏ పేరుతో వీధి చివర నేర్పేదీ ఎంఎస్ ఆఫీసే. ప్రభుత్వోద్యోగులకు పెట్టే కంప్యూటర్ పరీక్షలో వర్డ్, ఎక్సెల్ మీదే చేయి ఆడాలి. ఉద్యోగం ఏ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిందో ఆ సాఫ్ట్‌వేర్‌నే జనం నేర్చుకుంటారు. ఇందులో తప్పుపట్టడానికేముంది?

ఇదేదో కంప్యూటర్లకే పుట్టిన గుణం కాదని తెలియాలంటే బల్ల దగ్గర నుంచి లేచి కేసీ కాలువ కింది పొలాల్లోకి వెళ్లాలి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబా మసూరి, దాదాపు నలభై ఏళ్లయినా రైతును వదల్లేదు, రైతు దాన్ని వదల్లేదు. అగ్గి తెగులుకు, ఎండాకు తెగులుకు అది లొంగిపోతుందని అందరికీ తెలుసు. ఎండాకు తెగులును తట్టుకునేలా సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మెరుగుపరచిన సాంబా మసూరి 2008లోనే విడుదలైంది. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం సైతం కొత్త వరి వంగడాలు ఇచ్చింది. అయినా రైతు వెనకాడతాడు. ఎందుకంటే వంగడం మార్చుకుంటే తెగులు నుంచి రక్షణ తన పొలానికి వస్తుంది, కానీ ఆ వడ్లు కొనే మిల్లరు పాత గింజే అడుగుతాడు, తినేవాడు పాత రుచే అడుగుతాడు. అదే రాష్ట్రంలో పత్తి రైతులేమో 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కొద్ది ఏళ్లలోనే దాదాపు అందరూ మారిపోయారు. బీటీ పత్తి మంచిచెడ్డల వాదన వేరే సంగతి. ఇక్కడ చూడాల్సింది మారిన తీరు. లాభం తన చేనులోనే మందుల ఖర్చు తగ్గడంగా కనిపించింది, జిన్నింగ్ మిల్లుకు, వ్యాపారికి దూది దూదే. వరిలో చుట్టూ ఉన్న గొలుసు అడ్డుపడింది, పత్తిలో గొలుసు కదలాల్సిన పనే పడలేదు. బల్ల మీది లినక్స్ మొదటి రకం. జేబులోని ఆండ్రాయిడ్ రెండో రకం.

లెక్క చెప్పిన పండితులు

ఈ లెక్కకు అర్థశాస్త్రంలో పేర్లున్నాయి. చేతికొచ్చే వంద రూపాయల సంతోషం కంటే చేజారే వంద రూపాయల బాధ మనిషికి ఎక్కువని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో వాదించారు. ఉన్న స్థితిని అంటిపెట్టుకునే మొగ్గు మనుషుల నిర్ణయాల్లో ఎంత బలమైందో 1988లో శామ్యూల్‌సన్, జెక్‌హౌసర్ ప్రయోగాలతో చూపారు. క్వెర్టీ కీబోర్డు మీద 1985లో పాల్ డేవిడ్ రాసిన వ్యాసం మరీ ప్రసిద్ధం. 1870ల్లో టైపు మిషన్ కోసం కుదిరిన అమరిక, అంతకంటే మెరుగైనదని చెప్పుకున్న డ్వొరాక్ అమరిక వచ్చినా చెక్కుచెదరలేదని, ఎందుకంటే టైపిస్టులు, శిక్షణ కేంద్రాలు, యంత్రాలు ఒకదానికొకటి ముడిపడి పోయాయని ఆయన అన్నాడు. దీనికి ఎదురు లేకపోలేదు. డ్వొరాక్ నిజంగా అంత మెరుగైనదనడానికి సాక్ష్యం బలహీనమని 1990లో లీబోవిట్జ్, మార్గోలిస్ కొట్టిపారేశారు. లాభం నిజంగా పెద్దదైతే జనం ఖర్చు పెట్టయినా మారతారని వాళ్ల మాట. ఆ మాట మన వాదానికి అడ్డు రాదు సరికదా, దన్నుగా నిలుస్తుంది. సామాన్యుడికి విండోస్ నుంచి లినక్స్‌కు మారితే వచ్చే లాభం అతని రోజువారీ పనిలో ఎంత? శుభలేఖ అదే, రసీదు అదే, ప్రింటు అదే. లాభం కంటికి కనిపించనంత, ఖర్చు కంటికి గుచ్చుకునేంత ఉన్నప్పుడు మారకపోవడమే తెలివైన నిర్ణయం.

ఇది మైక్రోసాఫ్ట్ మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 తెచ్చి స్టార్ట్ బటన్ తీసేస్తే జనం గగ్గోలు పెట్టారు. ఏడాది తిరక్కుండానే 8.1లో ఆ బటన్‌ను మూలకు తిరిగి తెచ్చిపెట్టింది కంపెనీ. 2001 నాటి ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ దాకా, 2009 నాటి విండోస్ 7కు 2020 జనవరి దాకా అప్‌డేట్లు ఇస్తూ రావాల్సి వచ్చింది. అంటే జనం లినక్స్‌నే కాదు, మైక్రోసాఫ్ట్ తెచ్చిన కొత్తదాన్నీ అంతే మొండిగా కాదన్నారు. వాళ్ల విశ్వాసం కంపెనీ మీద కాదు, తమ పని మీద.

మారినవాళ్లు ఎలా మారారు?

మరి మారినవాళ్లే లేరా? ఉన్నారు, పక్కనే కేరళలో. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఐటీ@స్కూల్ పథకం 2000ల తొలి రోజుల్లో విండోస్‌తో మొదలై, ఆ దశాబ్దం ముగిసేలోపే పూర్తిగా లినక్స్‌కు మారింది. ఇప్పుడు కైట్ అనే సంస్థ ఆ బడుల కోసం సొంత లినక్స్ తయారుచేసి ఇస్తోంది. అక్కడ ఏం జరిగిందో చూడండి. మారింది ముఖ్యంగా పిల్లలు. వాళ్ల వేళ్లలో పాత చదువు లేదు, బీరువాలో పాత ఫైళ్లు లేవు. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకం మార్చారు, పదో తరగతి ఐటీ పరీక్ష మార్చారు, సందేహం వస్తే అడగడానికి ప్రతి బడిలో ఒక ఐటీ కోఆర్డినేటర్‌ను పెట్టారు. గొలుసులో ఒక్క కొక్కెం కాదు, గొలుసంతా ఒకేసారి మారింది. ఖర్చును పిల్లాడి నెత్తిన కాక సర్కారు తన నెత్తిన వేసుకుంది.

జర్మనీలోని మ్యూనిక్ నగరం కథ దీనికి తిరగేసిన అద్దం. తమ కార్యాలయాల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చాలని 2003లో నగర మండలి తీర్మానించింది. పదేళ్లు పట్టినా 2013 నాటికి పద్నాలుగు వేలకు పైగా యంత్రాల్ని మార్చి చూపించింది. 2017లో మళ్లీ విండోస్‌కే పోవాలని నిర్ణయించింది. వెనక రాజకీయం ఉందని కొందరు, ఉద్యోగుల ఇబ్బందులే కారణమని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. ఏది ఎంతైనా, బయటి కార్యాలయాలతో పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడంలో వచ్చిన చికాకు అబద్ధం కాదు. డబ్బు, నిపుణులు, అధికారం అన్నీ ఉన్న నగరమే చుట్టూ ఉన్న గొలుసు మారకపోతే నిలవలేకపోయింది. ఇక గోస్పాడులో ఒంటరి డీటీపీ ఆపరేటర్‌ను తప్పుపట్టడం ఏం న్యాయం?

మూడు అభ్యంతరాలు

ఇంత చెప్పాక గట్టి అభ్యంతరాలు రావాలి, వస్తాయి. అన్నిటికంటే గట్టిది భద్రత. పాత సిస్టమ్ పట్టుకుని కూర్చుంటే ఆ నష్టం మీ ఒక్కరిదే కాదు, మీ కంప్యూటర్‌తో కలిసిన అందరిదీ అంటారు. కాదనలేం. 2017 మేలో విండోస్‌లోని ఒక భద్రతా రంధ్రం గుండా వనాక్రై వైరస్ దాడి ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్రంలోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అయితే ఈ ఉదాహరణ చెప్పే నీతి 'అందరూ సిస్టమ్ మార్చండి' అని కాదు, 'ఉన్నదానికి అప్‌డేట్లు వేయండి' అని. అప్‌డేట్ వేస్తే సిస్టమ్ నెమ్మదిస్తుందనో, డేటా అయిపోతుందనో, దొంగ విండోస్ బయటపడుతుందనో మన అంగళ్లలో దాన్ని ఆపేయించేవాళ్లు తక్కువేం కాదు. ఆ ఒక్క అలవాటు మాత్రం లెక్కలో నిలవదు. దానివల్ల కాపాడుకునే ఆస్తి ఏదీ లేదు, పోగొట్టుకునేది మాత్రం మొత్తం బీరువా. ఇక అప్‌డేట్లే ఆగిపోయిన విండోస్ 10 విషయంలో మారడం ఎప్పటికైనా తప్పదు. కానీ తప్పదనడం వేరు, ఆ ఖర్చు ఎవరిదో చెప్పకుండా దబాయించడం వేరు.

రెండో అభ్యంతరం: ఇప్పుడు అన్నీ బ్రౌజర్‌లోనే జరుగుతున్నాయి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైతేనేం? ఇందులో నిజం ఉంది, ఏటికేడు పెరుగుతోంది కూడా. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లేనిదే తెరుచుకోని సర్కారు సైట్లు ఉండేవి. 2022 జూన్‌లో ఆ బ్రౌజరే రిటైరైంది. బిల్లు కట్టడం, టికెట్ తీయడం, మెయిల్ చూడటం వరకే పనైతే నిజంగానే ఏ సిస్టమ్ అయినా ఒకటే. అలాంటి ఇంట్లో ఎనిమిదేళ్ల నాటి కంప్యూటర్‌ను పారేయకుండా లినక్స్ వేసుకుంటే అది ఇంకో అయిదేళ్లు హాయిగా పనిచేస్తుంది. ఈ వ్యాసం వాళ్లను వద్దనడం లేదు. వాళ్లకు పోయే ఆస్తి తక్కువ కాబట్టి లెక్క వాళ్లకు అనుకూలం. బ్రౌజర్‌లో ఇమడని పని ఉన్నవాళ్ల దగ్గరే లెక్క తిరగబడుతుంది. వేలిముద్రల యంత్రం, ట్యాలీ, పేజ్‌మేకర్ ఉన్న బల్లలు అవి.

మూడో అభ్యంతరం ధర. లినక్స్ ఉచితం, విండోస్‌కు వేలు పోయాలి కదా అంటారు. బజారులో జరిగేది వేరు. కొత్త కంప్యూటర్ కొంటే విండోస్ ధర అందులోనే కలిసి కనిపించకుండా పోతుంది. అసెంబుల్డ్ సిస్టమ్ అయితే ఫార్మాట్ కొట్టే కుర్రాడి కూలి తప్ప మరేమీ లేకుండా దొంగ విండోస్ వచ్చేస్తుంది. రెండూ ఉచితమే అనిపించినప్పుడు ఉచితం అనే మాటకు బలముండదు. దొంగ విండోస్ తప్పే, ప్రమాదమే. కానీ అది మన బజారులో లినక్స్ తలుపును ఎంత గట్టిగా మూసిందో గుర్తించకుండా 'ఉచితమైనా తీసుకోరు' అని జనాన్ని ఆడిపోసుకోవడం సరికాదు.

కాబట్టి చేయాల్సింది జనానికి ఉపన్యాసం ఇవ్వడం కాదు, లెక్క మార్చడం. అది చేయగలిగే స్థానంలో మొదట ఉన్నది ప్రభుత్వం. కంప్యూటర్ పరీక్షలో ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ పేరూ లేకుండా పని తెలిసిందా లేదా అని చూస్తే, వీధి చివర కోర్సులు వాటంతటవే మారతాయి. ప్రభుత్వం కొనే ప్రతి వేలిముద్రల యంత్రమూ అన్ని సిస్టమ్‌ల మీదా పనిచేయాలని టెండర్‌లోనే రాస్తే తయారీదారులు దారికొస్తారు. పంచాయతీ నుంచి సచివాలయం దాకా వచ్చే ప్రతి తెలుగు పత్రం యూనికోడ్‌లోనే ఉండాలని పట్టుబడితే అచ్చు అంగడిలో తాళం వేసిన బీరువా మెల్లగా తెరుచుకుంటుంది. కంప్యూటర్ వాడేవాళ్లు ఈలోగా చేసుకోగలిగినవి రెండున్నాయి. పాత ఫైళ్లను వేరే హార్డ్ డిస్క్‌లోకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఇవాళ్టి నుంచి కొట్టే కొత్త మ్యాటర్‌లో కొంతైనా యూనికోడ్‌లో కొట్టడం అలవాటు చేసుకోండి. రేపు ఏ సిస్టమ్‌కు పోవాల్సి వచ్చినా పోయేది తక్కువవుతుంది.

ఇక ఊరికి వచ్చినప్పుడల్లా లినక్స్ వేసుకోమని చెప్పే మేనల్లుడికి ఒక్క మాట. నీ సలహా మంచిదే. అయితే పెట్టిపోయిన మర్నాడు ప్రింటర్ కదలకపోతే, పెళ్లివారు కుర్చీలో కూర్చుని ఉంటే, మామ నీకే ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎత్తగలిగితేనే చెప్పు.